తుమ్మింది ఎవరు?

"గాలిహ్‌తో ఆఖరిసారి మాట్లాడింది ఎవరు?"

ఇమాస్ కురైసిన్ ఆ ప్రశ్న వేసి కుర్చీలో వెనక్కి వాలింది. ఎదురుగా ఉన్నది మెయ్‌లానీ, నవ చక్రవాల కంపెనీలో ఉద్యోగుల వ్యవహారాలు చూసే అధికారిణి. ఆమె ఒకసారి యజమాని ఫిర్మాన్ వైపు, ఒకసారి గోడవైపు చూసింది.

"మాట్లాడటం అంటే... నోటితోనాండీ?"

"మీ ఆఫీసులో ఇంకా దేనితో మాట్లాడుకుంటారమ్మా?"

"నోటితో అయితే ఎవరూ మాట్లాడలేదండీ."

ఇమాస్ ఈ డిటెక్టివ్ వృత్తిలోకి వచ్చి ఇరవై ఏళ్ళు దాటింది. పెళ్ళికొడుకుల గుట్టు లాగింది, బీమా డబ్బు కోసం చచ్చిపోయినట్టు నటించినవాళ్ళను లేపి కూర్చోబెట్టింది. కానీ కంపెనీ మొత్తంలో గొప్ప ఇంజనీరని పేరు తెచ్చుకున్నవాడు మాయమైతే, అతని గొంతు ఎలా ఉంటుందో కూడా ఎవరికీ తెలియని కేసు ఆమెకిదే మొదటిది.

"సరే. ఉద్యోగం ఇచ్చింది ఎవరు?"

"జేలీ."

"రోజూ పని అప్పగించేది?"

"జేలీయే."

"పని బాగుందని మెచ్చుకునేది?"

"జేలీ. పండక్కి శుభాకాంక్షలు కూడా జేలీయే పంపుతుందండీ," అంది మెయ్‌లానీ, గొంతు తగ్గించి.

జేలీ మనిషి కాదు. ఫిర్మాన్ తయారు చేయించిన ఉద్యోగ నియామక యంత్రం. దరఖాస్తు అదే చదువుతుంది, కెమెరాలో ప్రశ్నలు అదే అడుగుతుంది, మార్కులు వేస్తుంది, పనికొచ్చినవాణ్ణి తీసుకుంటుంది, మిగతావాళ్ళకు క్షమాపణ పంపుతుంది. గాలిహ్ పెర్మానాని అలాగే తీసుకుంది. అందరిలాగే అతనూ ఇంటి నుంచే పనిచేశాడు. ఏడాది తిరక్కుండానే కంపెనీలో మొదటి వరుసకి వచ్చాడు. ఒకసారి ఆఫీసుకి రమ్మని పిలుపు వెళ్ళేసరికి మాత్రం మనిషి పత్తా లేడు. మంగళవారం నుంచి ఫోను లేదు, జవాబు లేదు.

"మనిషి చెయ్యి పడితే పక్షపాతం వస్తుంది ఇమాస్‌గారూ," అన్నాడు ఫిర్మాన్. నలభైకి ఇవతలే ఉన్న చురుకైనవాడు. "మా జేలీకి చుట్టాల్లేరు, సిఫార్సుల్లేవు, మొహమాటం అసలే లేదు."

"అయితే వెతకడానికి నన్నెందుకు పిలిచారు? దాన్నే వెతకమనకపోయారా?"

మెయ్‌లానీ నవ్వబోయి దగ్గుతో సరిపెట్టుకుంది. ఫిర్మాన్ ముఖం వాడిపోయింది.

"మధ్యాహ్నానికి సింగపూర్ నుంచి పెట్టుబడిదార్లు వస్తున్నారండీ. మా మొదటి వరుస ఇంజనీర్లను ఎదురుగా కూర్చోబెట్టి మాట్లాడిస్తేనే సంతకం అన్నారు. గాలిహ్ రాకపోతే ఒప్పందం లేదు. ఒప్పందం లేకపోతే వచ్చే నెల జీతాల్లేవు. పైగా హెర్యాంతోగారేమో ఇది విదేశీ ముఠా పని, పోలీసుల్ని పిలుద్దాం అంటున్నారు."

హెర్యాంతో పేరు వినగానే ఇమాస్ ముక్కుపుటాలు అదిరాయి. ఆయనా డిటెక్టివే. జకార్తాలో పెద్ద ఆఫీసు, టీవీలో ప్రకటనలు, చేతికి ఎప్పుడూ రబ్బరు తొడుగులు. కిందటేడు ఆమె ఛేదించిన కేసు గురించి విలేకరుల ముందు మాట్లాడింది ఆయనే.

"ఇంటర్వ్యూ వీడియో ఉందా?"

"ఉందండీ. కానీ ఎవరూ చూడలేదు. జేలీ చూసింది కదా అని."

"వెయ్యండి. అందరం కలిసి చూద్దాం, సినిమాకొచ్చినట్టు."

సినిమా అనేసరికి ఫిర్మాన్ తన టిఫిన్ క్యారియర్ విప్పాడు. కంగారులో కూడా ఆకలి ఆకలే. అందులో కరకరలాడే బాలా-బాలా ఉంది. క్యాబేజీ తురుముతో వేసే ఆ పకోడీ ఒకటి ఇమాస్ చేతికిచ్చి, "తినండి. ఇంట్లో వంట ఈ మధ్య అదిరిపోతోంది," అన్నాడు.

ఆమె కొరికింది. కచోరం దుంప వాసన గుప్పుమంది. పైన అద్దినట్టు ఒక చిట్టిరొయ్య. ఆమె ఇంకోటి తీసుకుంది.

తెరమీద నీలం బాతిక్ చొక్కాలో ఒక కుర్రవాడు కనిపించాడు. వెనక అలమరా నిండా పుస్తకాలు. ముఖంలో వెలుగు, పెదవుల మీద పెళ్ళివిందులో పాటగాడి నవ్వు. జేలీ గొంతు ప్రశ్న అడిగింది. కుర్రవాడు చూపు కాస్త ఎడమకి, కిందికి దించాడు. క్షణం ఆగాడు. తర్వాత గడగడా జవాబు చెప్పాడు. ప్రతి ప్రశ్నకీ అదే వరస.

నాలుగో ప్రశ్న మధ్యలో "హాచ్" అని తుమ్ము వినిపించింది.

"ఆపండి! వెనక్కి తిప్పండి."

మళ్ళీ చూశారు. తుమ్ము వినిపించింది. కుర్రవాడి మూతి కదల్లేదు. ఆ వెంటనే మాత్రం కదిలింది. "యర్హముకిల్లాహ్" అని గొణిగి, జవాబు కొనసాగించాడు.

"దీన్ని జేలీ ఏమని రాసుకుంది?"

మెయ్‌లానీ తెర కింద చదివింది. ఆమె చెవులు ఎర్రబడ్డాయి. "తెలియని సాంకేతిక పదం. కొత్తదనానికి రెండు మార్కులు."

ఇమాస్ పొట్ట పట్టుకుని నవ్వింది. కళ్ళు తుడుచుకుని ఫిర్మాన్ వైపు తిరిగింది. "మీరు చిన్నప్పుడు మదరసాకి వెళ్ళలేదా ఏంటి?"

"వెళ్ళానండీ. పక్కవాడు తుమ్మితే చల్లగా ఉండమని అంటాం. అంతేగా?"

"మగవాడు తుమ్మితే యర్హముకల్లాహ్. ఆడమనిషి తుమ్మితేనే కిల్లాహ్. మా పంతులుగారు నా చెవి మెలేసి మరీ నేర్పారు." ఆమె లేచి చేతిసంచీ భుజాన వేసుకుంది. "మీ గాలిహ్ పక్కన ఒక ఆడమనిషి కూర్చుని ఉందండీ, కెమెరాకి అందకుండా. జవాబులన్నీ ఆవిడవి. మూతి మాత్రం ఇతనిది. అతని చిరునామా ఇవ్వండి."

* * *

ఆ చిరునామాలో కింద ఎంతిన్ అనే ఆవిడ సురాబీ అట్ల దుకాణం ఉంది. పైన ఒక అద్దె గది. ఇమాస్ మెట్లెక్కేసరికి గుమ్మంలోనే హెర్యాంతో ఎదురయ్యాడు, తొడుగులతో సహా.

"ఓహో, పెళ్ళిసంబంధాల డిటెక్టివ్‌గారు! ఇక్కడ వరుడెవరూ లేడమ్మా."

"లేకపోతేనేం, పెళ్ళిపెద్దలా మీరున్నారుగా. కాస్త జరగండి."

"దేన్నీ ముట్టుకోవద్దు! అంతర్జాతీయ ముఠా స్థావరం ఇది. చూడండి." ఆయన గదిమధ్యకి నడిచి చెయ్యి తిప్పాడు. "నకిలీ గ్రంథాలయం!"

గోడకి వేలాడుతున్నది పుస్తకాల బొమ్మ అచ్చేసిన గుడ్డ. దాని ముందు పెళ్ళిఫోటోలవాళ్ళు వాడే పెద్ద దీపం. వంకెకి నీలం చొక్కా.

"సరే, ఇంకేం దొరికింది?"

హెర్యాంతో గొంతు తగ్గించి జేబులోంచి ఒక కాగితం తీశాడు. "సంకేత భాష. వినండి. 'మూడు గొలుసు, రెండు జోడు, ఒకటి వదులు, తిప్పు.' మూడు గొలుసు అంటే మూడు దేశాల గొలుసు. రెండు జోడు అంటే ఇద్దరిద్దరుగా మనుషులు. ఒకటి వదులు..." ఆయన గొంతు మీద వేలితో గీత గీశాడు. "గాలిహ్‌ని వదిలించుకున్నారు."

ఇమాస్ ఆ కాగితం అందుకుని కిందా పైనా చూసింది.

"హెర్యాంతోగారూ, ఇది టేబుల్ గుడ్డ."

"ఏమిటీ?"

"కొక్కెం సూదితో అల్లే టేబుల్ గుడ్డ. ఈ లెక్కన అల్లుకుంటూ పోతే అంచుకి గులాబీలు వస్తాయి. మా పిన్ని దగ్గర ఇలాంటివి ఆరున్నాయి."

ఆయన చెవుల దాకా ఎర్రబడ్డాడు. "నవ్వండి, నవ్వండి. మధ్యాహ్నంలోగా ముఠాని వాళ్ళ గూట్లోనే పట్టుకుంటాను. అప్పుడు విలేకరులకి మీ టేబుల్ గుడ్డ కథ కూడా చెబుతాను."

"చెప్పండి. కిందటిసారి నా కథ చెప్పినట్టే!"

ఆయన ధబధబా మెట్లు దిగిపోయాడు. ఇమాస్ తలుపు దగ్గరికి వేసి, అప్పుడు గదిని తీరిగ్గా చూసింది.

రెండు కుర్చీలు. ఒకటి కెమెరాకి ఎదురుగా. రెండోది దాని ఎడమవైపు, కాళ్ళు కోసి పొట్టి చేసింది. నడుముకి ఆనించుకునే దిండు. కింద పాదాలు పెట్టుకోవడానికి చిన్న పీట. ఎదురుగా కీబోర్డు, దాని మీద అక్షరాలు అరిగి తెల్లబోయాయి. ఇమాస్ ఆ కుర్చీలో కూర్చుంది. కెమెరా గాజు ఆమె తలపైనుంచి చూస్తోంది. దిండులోంచి ఒక వాసన తగిలింది. తలనొప్పికీ, పొట్ట ఉబ్బరానికీ పెద్దవాళ్ళు రాసుకునే కాయుపూతి తైలం.

పెద్దావిడ. పొట్టి మనిషి. నడుము నొప్పి ఉంది, ఓపిక అంతకన్నా ఎక్కువుంది.

కింద ఎంతిన్ అట్ల మూకుళ్ళ మీద మట్టిమూతలు పెడుతోంది.

"అక్కా, గాలిహ్ దగ్గరికి ఎవరైనా పెద్దావిడ వచ్చేదా?"

"పాటల టీచరమ్మా? వారానికి నాలుగుసార్లు. వాడు పెళ్ళిళ్ళలో పాడతాడుగా, సాధన అన్నాడు. ఏం సాధనో! ఒక్క పాటా వినిపించదు, పొద్దస్తమానం టకటకమని చప్పుడే. తాళం నేర్పుతోందేమో అనుకున్నా."

"ఆవిడ పేరు?"

"అడగలేదమ్మా. పెద్దింటి మనిషే. కానీ గీరలేదు, అట్టు మాడినా తినేసేది. ఇప్పుడు వాడూ లేడు, ఆవిడా లేదు, నా వ్యాపారం మట్టిగొట్టుకుపోతోంది."

"వాడు లేకపోతే మీ వ్యాపారానికేం?"

"పొద్దున్నే నాకు బాలా-బాలా వేసిపెట్టేది వాడే కదా! నేను వేస్తే ఎవరూ కొనడంలేదు. వాడు పిండిలో కచోరం దంచి వేస్తాడు. పైన ఒక్కటంటే ఒక్క చిట్టిరొయ్య, బొట్టు పెట్టినట్టు. అది ఇంకెవరికీ రాదు."

ఇమాస్ నాలుక పైదవడని ఒకసారి తాకింది. రుచి ఇంకా అక్కడే ఉంది. తర్వాత ఆమె నవ్వు మొదలైంది. ఎంతిన్ భయపడి మంచినీళ్ళు తెచ్చేదాకా ఆగలేదు.

ఆమె ఫిర్మాన్‌కి ఫోన్ చేసింది.

"మీ ఇంట్లో వంట అదిరిపోతోందన్నారు. ఎప్పట్నించి?"

"ఎప్పట్నించంటే... మంగళవారం నుంచి. అత్తగారు ఎవర్నో కొత్త వంటవాణ్ణి పెట్టారు. ఇప్పుడు వంట సంగతేంటండీ!"

"అతని ముఖం చూశారా?"

"వంటింట్లోకి నేనెందుకు వెళ్తాను?"

"వెంటనే ఇంటికి రండి. నాకూ ఆకలేస్తోంది."

* * *

పెరటి గుమ్మంలోంచే పాట వినిపించింది. నూనె సలసలకి సరిగ్గా తాళం కలుపుతూ నీలం నడికట్టు కట్టుకున్న కుర్రవాడు పాడుకుంటున్నాడు. పక్కనే పొట్టిగా, గుండ్రంగా, ముక్కుమీదికి జారిన కళ్ళద్దాలతో ఒక పెద్దావిడ ఎండుమిర్చి వేయిస్తోంది. ఘాటు లేచింది. ఆవిడ తుమ్మింది.

"యర్హముకిల్లాహ్, అమ్మా," అన్నాడు కుర్రవాడు.

"అదే గొంతు. అదే మాట," అంది ఇమాస్ గుమ్మంలోంచి. "గాలిహ్ బాబూ, చంకలో పిల్లాడిలా ఇక్కడే ఉండి ఊరంతా వెతికిస్తున్నావయ్యా!"

గరిటె కింద పడింది. గాలిహ్ కిటికీ వైపు చూశాడు. కిటికీకి ఊచలున్నాయి.

"నా తప్పేం లేదండీ! కోడ్ అంటే నాకు అ ఆలు కూడా రావు. ఆఫీసుకి రమ్మన్నారు. వెళ్ళి ఏం చెయ్యను, పాట పాడనా? అమ్మే ఇక్కడ దాక్కోమంది."

"నోరు మూసుకో, నూనె మాడుతోంది," అంది పెద్దావిడ. తర్వాత మంట తగ్గించి, చేతులు తుడుచుకుని, ఇమాస్‌ని తేరిపార చూసింది. "నేను నూనుంగ్. ఫిర్మాన్‌కి అత్తగారిని. తుమ్ముతో పట్టుకున్నావన్నమాట! గట్టిదానివే. కూర్చో తల్లీ."

ఆవిడ కథ చెబుతుండగానే ఫిర్మాన్ కూడా పరుగున వచ్చి గుమ్మంలో నిలబడ్డాడు. ఆవిడ అతన్ని చూసి కూడా ఆపలేదు. విమానాల కర్మాగారంలో పాతికేళ్ళపాటు ఆవిడ కంప్యూటర్ విభాగంలో పనిచేసింది. గాలిలో విమానం ఒరిగితే సరిచేసే లెక్కలు రాసిన బృందానికి పెద్ద. పదవీ విరమణ తర్వాత కూతురింటికి వచ్చింది. అందరూ గౌరవంగానే చూశారు. సంబల్ కారం నూరడానికి తప్ప ఎవరూ ఏదీ అడగలేదు.

"మెదడు తుప్పు పడుతోందనిపించింది. అల్లుణ్ణి అడగడానికి మొహమాటం. ఎలాగూ పక్షపాతం లేని యంత్రం ఉందంటున్నాడు కదా అని అందరిలాగే నా పేరుతోనే దరఖాస్తు పెట్టాను. టీ గ్లాసు కింద పెట్టేలోగా జవాబొచ్చింది. మా వయసు వరసలో ఖాళీల్లేవట. ఒక్క ప్రశ్నైనా అడగలేదు!"

ఫిర్మాన్ గోడకి ఆనుకున్నాడు. "అత్తయ్యగారూ... మిమ్మల్ని నేను కాదన్నానా?"

"నువ్వు కాదులే బాబూ. నువ్వే అయితే కనీసం సిగ్గుపడేవాడివి."

నూనుంగ్ వేగిన మిర్చిని పళ్ళెంలోకి తీసింది.

"పదిరోజులు ఏడ్చాను," అంది నూనుంగ్ మామూలు గొంతుతోనే. "తర్వాత ఒక పెళ్ళిలో ఈ పిల్లాడి పాట విన్నాను. ముఖం వెలిగిపోతోంది. నీ యంత్రానికి ఇలాంటి ముఖం కావాలి, నా దగ్గరున్నది దానికి అక్కర్లేదు. ఇద్దర్నీ కలిపితే ఒక మంచి ఉద్యోగి అవుతాడనిపించింది. ఆధార పత్రాలన్నీ వీడివే, పని నాది, జీతం చెరిసగం. ఇష్టమైతే పోలీసుల్ని పిలు."

ఫిర్మాన్‌కి అప్పుడు గుర్తొచ్చింది. కిందటి నెల కంపెనీ మొత్తం స్తంభించిపోయినప్పుడు తెల్లారేలోగా తప్పు పట్టుకుని సరిచేసింది గాలిహ్. అంటే ఆ రాత్రి పక్కగదిలో దీపం ఎందుకు వెలుగుతోందని తను అడిగితే, "నిద్ర పట్టలేదు బాబూ" అన్న ఈవిడే!

అతను నెమ్మదిగా వెళ్ళి ఆవిడ ముందు వంగి, మసాలా అంటిన ఆ చేతిని తన నుదుటికి ఆనించుకున్నాడు.

"కంపెనీని నిలబెట్టింది మీరా అత్తయ్యగారూ?"

"లే, లే. చొక్కా పాడవుతుంది."

ఇమాస్ ముఖం పక్కకి తిప్పుకుని పకోడీ ఒకటి నోట్లో వేసుకుంది. కళ్ళలో నీళ్ళు కచోరం ఘాటుకి వచ్చాయని ఎవరైనా అడిగితే చెప్పొచ్చు.

"ఇంకేం, పదండి," అన్నాడు ఫిర్మాన్, ఒక్కసారిగా ప్రాణం లేచొచ్చినట్టు. "సింగపూర్ వాళ్ళకి మిమ్మల్నే చూపిస్తాను. ఇదిగో మా గాలిహ్ అని చెబుతాను. మిగతా పదిమందికీ మెయ్‌లానీ ఫోన్ చేస్తూనే ఉంది."

నూనుంగ్ ముఖంలో అప్పటిదాకా లేని కంగారు కనబడింది. "ఏ పదిమందికి?"

"మొదటి వరుసలో మీ తర్వాతివాళ్ళండీ. బంగారంలాంటి కుర్రాళ్ళు. జేలీ ఏరిందే."

ఆవిడ గాలిహ్ వైపు చూసింది. గాలిహ్ మూకుట్లోకి చూశాడు.

సరిగ్గా అప్పుడే ఫిర్మాన్ ఫోన్ మోగింది. హెర్యాంతో గొంతు వంటిల్లంతా వినిపించింది.

"సార్, తలుపులు వేసుకోండి! నేను చెప్పానా, గాలిహ్ ఒక్కడే కాదు, పెద్ద ముఠా! మీ మొదటి వరుస ఇంజనీర్లు పదిమందీ ఈ పూట ఒకేసారి సెలవు పెట్టారు. పదిమంది కంప్యూటర్లూ ఇళ్ళనుంచి కదిలాయి. అన్నీ ఒకేచోటికి వస్తున్నాయి. మీ ఇంటికే సార్! నేను పోలీసుల్ని వెంటబెట్టుకుని బయల్దేరాను. ప్రాణాలు కాపాడుకోండి!"

ఫిర్మాన్ చేతిలోని పకోడీ జారింది. ఇమాస్ చటక్కున నూనుంగ్ వైపు తిరిగింది.

"అమ్మా, ఇవాళ మీ ఇంట్లో ఏమైనా ఉందా?"

"ఏముంటుంది," అంది నూనుంగ్ కొంగుతో కళ్ళద్దాలు తుడుచుకుంటూ, "నెలనెలా ఆడే అరిసాన్ చీటీ. ఈసారి మా ఇంటి వంతు. అందుకేగా ఇన్ని పకోడీలు! అందరం కర్మాగారంలో ఒకే విభాగం వాళ్ళం. నేను ఊరికే నోరుజారి, ఇలా చేస్తే ఉద్యోగం వస్తుందర్రా అన్నాను. అంతే."

వీధిగుమ్మం గంట మోగింది. ఒకసారి కాదు, పదిమంది పోటీపడి నొక్కినట్టు.

తలుపు తీసింది ఇమాసే. గుమ్మం నిండా పెద్దావిడలు, తలలకి రంగురంగుల ముసుగులు, కేకు డబ్బాలు, చంకల్లో కంప్యూటర్ సంచులు. బండి అద్దె ఎవరివ్వాలో ఇంకా గొడవపడుతూనే లోపలికి వచ్చారు. అందరికన్నా ముందున్న బక్కపల్చటి ఆవిడ చేతికర్ర టకటకలాడిస్తూ నేరుగా వెళ్ళి, నోరు తెరుచుకుని నిలబడిన ఫిర్మాన్ ముందు ఆగింది. అతన్ని తలనుంచి కాళ్ళదాకా చూసింది.

"నువ్వేనా నాయనా మా యజమానివి? రా, ఇలా కూర్చో. నిన్న మాకు పంపిన పనిలో మూడు తప్పులున్నాయి."